హెడ్ గాస్కెట్ పోకుండా కారును ఎలా చూసుకోవాలి: తిరుపతి ఎండలకూ, ఘాట్ రోడ్లకూ

హెడ్ గాస్కెట్ తనంతట తాను పోవడం చాలా అరుదు. ముందు ఇంకేదో పోతుంది. రేడియేటర్ మూత రబ్బరు గట్టిపడుతుంది, ఫ్యాన్ రిలే (ఫ్యాన్‌కు కరెంటు ఇచ్చే చిన్న స్విచ్చు) కాలిపోతుంది, హోస్ పైపు క్లిప్పు వదులవుతుంది, లేదా ఏళ్ల తరబడి మార్చని కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) లోపల తుప్పు పట్టిస్తుంది. వీటిలో ఏదో ఒకదాని వల్ల ఇంజన్ ఒకసారి బాగా వేడెక్కుతుంది. గాస్కెట్ పోయిన సంగతి ఆ తర్వాత బయటపడుతుంది, ఒక్కోసారి నెలల తర్వాత. అప్పటికి హెడ్ దించాలి, లేత్ షాపుకు పంపాలి, బండి వారం పది రోజులు షెడ్డులో ఉండాలి. కూలింగ్ సిస్టమ్‌ను చూసుకుంటే చాలు, గాస్కెట్ దాదాపుగా ఇంజన్ ఉన్నన్నాళ్లూ ఉంటుంది.

ఇంజన్ బ్లాకుకూ పైనున్న సిలిండర్ హెడ్‌కూ మధ్య ఉండే పల్చటి రేకు ఇది. ఇప్పటి కార్లలో ఎక్కువగా స్టీలు పొరలతో చేసినవి వస్తున్నాయి. సిలిండర్లో మండే గ్యాసును, నీళ్ల దారులను, ఆయిల్ దారులను ఒకదానిలోకి ఒకటి పోకుండా ఆపడం దీని పని. హెడ్ అల్యూమినియంది, చాలా బండ్లలో బ్లాకు పోతపోసిన ఇనుముది. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కంటే సుమారు రెండింతలు వ్యాకోచిస్తుంది. మామూలు వేడిలో ఈ తేడాను గాస్కెట్ తట్టుకుంటుంది. వేడి హద్దు దాటితే హెడ్ ఉబ్బుతుంది, బోల్టులేమో దాన్ని కదలనివ్వవు, దాంతో మెత్తబడిన లోహం నలుగుతుంది. చల్లారాక అది పాత ఆకారానికి రాదు. హెడ్ వంగుతుంది, బోల్టు పట్టు తగ్గుతుంది. రెండు సిలిండర్ల మధ్య సన్నగా ఉండే చోట గ్యాసు దారి చేసుకుంటుంది.

మన వైపు ఈ ముప్పు ఎక్కువే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండలో అలిపిరి తనిఖీ దగ్గర క్యూలో ఏసీ వేసుకుని బండి నిలబడుతుంది. నిలబడ్డ బండికి ఎదురుగాలి ఉండదు, ఫ్యాన్ ఒక్కటే దిక్కు. అక్కడి నుంచి వెంటనే, నిండా జనంతో, ఇరవై కిలోమీటర్లు కూడా లేని దారిలో దాదాపు 700 మీటర్ల ఎత్తు ఎక్కాలి. ఎక్కడానికి వాడేది 1974లో తెరిచిన రెండో ఘాట్ రోడ్డు. దిగడానికి వాడే 1944 నాటి మొదటి రోడ్డులో ఇంజన్‌కు శ్రమ తక్కువ, బ్రేకులకే ఎక్కువ. మదనపల్లె దారిలో భాకరాపేట ఘాట్, బెంగళూరు దారిలో చిత్తూరు దాటాక మొగిలి ఘాట్ కూడా ఇలాంటివే. వీటన్నిటికీ తోడు మన బోరు నీళ్లు.

బోరు నీళ్లు పోయొద్దు

రేడియేటర్లో నీళ్లు తగ్గితే చేతికందిన బాటిల్ పోసేయడం మన దగ్గర మామూలు. బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. ఇంట్లో గీజర్ రాడ్డు మీద తెల్లగా పేరుకునేదే ఇంజన్ లోపల నీళ్ల దారుల్లోనూ పేరుకుంటుంది. ఎక్కువ వేడి ఉండే చోటే, అంటే ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ, ముందుగా పేరుకుంటుంది. ఆ పొర వేడిని లోహం నుంచి నీళ్లలోకి పోనివ్వదు. డ్యాష్‌బోర్డు మీది వేడి ముల్లు మధ్యలోనే ఉంటుంది, హెడ్లో ఆ ఒక్క చోట మాత్రం మాడుతుంటుంది. క్యాన్లలో వచ్చే ఆర్‌వో నీళ్లు బోరు నీళ్ల కన్నా మేలే, కానీ సరైనవి డిస్టిల్డ్ వాటర్. బ్యాటరీ షాపులో దొరుకుతాయి. డిక్కీలో ఒక లీటరు నీళ్లు కలిపి ఉంచిన కూలెంట్, ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్ పెట్టుకుంటే దారిలో బోరింగు వెతుక్కునే పని ఉండదు. దారిలో నిజంగా గతిలేక మామూలు నీళ్లు పోయాల్సి వస్తే పోయండి, ఇంజన్ ఎండిపోవడం కన్నా అదే నయం. ఇంటికొచ్చాక మొత్తం తీసి ఫ్లష్ చేయించండి.

చలి ప్రాంతం కాదు కాబట్టి కూలెంట్ ఎందుకు అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. గడ్డకట్టకుండా చూడటం దాని పనుల్లో ఒకటి మాత్రమే. తుప్పు పట్టనివ్వదు, నీళ్లు మరిగే హద్దును పెంచుతుంది, పంపు సీలు తొందరగా అరగకుండా చూస్తుంది. తుప్పు ఆపే మందు కాలంతో అయిపోతుంది. రంగు బాగున్నా అయిపోతుంది, అందుకే రంగు చూసి నిర్ణయించకూడదు. పాత రకం కూలెంట్లు రెండేళ్లకు లేదా 40,000 కిలోమీటర్లకు మార్చాలి. లాంగ్ లైఫ్ రకాలు ఇంకా ఎక్కువ కాలం వస్తాయి, ఎంత కాలమో ఓనర్స్ మాన్యువల్లో ఉంటుంది. పచ్చది, ఎర్రది, నీలం అని రంగు కలిసిందని రెండు రకాలు కలపొద్దు. రంగు కంపెనీ ఇష్టం, లోపలి మందు వేరు కావచ్చు. కొన్ని కలిస్తే జిగురులా గడ్డకట్టి రేడియేటర్ సన్న గొట్టాల్లో ఇరుక్కుంటాయి.

మార్చే పద్ధతి ఇది. బండి పూర్తిగా చల్లారాలి, రాత్రంతా ఆగిన బండి అయితే మేలు. మూత తీసి, రేడియేటర్ కింది డ్రెయిన్ ప్లగ్గు విప్పి, లేదా కింది హోస్ పైపు ఊడదీసి, పాతది ఒక టబ్బులోకి పట్టండి. కాలవలో వదలొద్దు. కూలెంట్లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. మన వీధుల్లో ఆవులు, కుక్కలు తాగుతాయి. పట్టినదాన్ని క్యాన్లో మూతపెట్టి పిల్లలకు అందనిచోట పెట్టి, షెడ్డులో ఇచ్చేయండి. తర్వాత మామూలు నీళ్లు నింపి, హీటర్ ఫుల్ వేడికి తిప్పి, పై హోస్ పైపు వేడెక్కే దాకా ఇంజన్ నడపండి. చల్లారాక తీసేయండి. నీళ్లు తేటగా వచ్చేదాకా మళ్లీ చేయండి. చివరి కడుగు మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తో చేయాలి, ఎందుకంటే ఎంత వంచినా బ్లాకులో కొంత మిగులుతుంది.

ఆ మిగిలినదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. బండికి మొత్తం 5 లీటర్లు పడుతుందనుకుందాం. చివరి కడుగులో బయటికొచ్చింది 3.5 లీటర్లయితే, 1.5 లీటర్ల నీళ్లు లోపలే ఉన్నాయి. ఇప్పుడు ముందే నీళ్లు కలిపిన కూలెంట్ నింపితే అది పల్చబడిపోతుంది. సగం సగం కావాలంటే ముందు చిక్కటి కూలెంట్ 2.5 లీటర్లు పోసి, మిగతా ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్ పోయాలి. మన వాతావరణానికి 40 శాతం, అంటే ఇదే బండికి 2 లీటర్లు, కూడా సరిపోతుంది. 30 కన్నా తగ్గితే తుప్పు ఆగదు. 60 దాటినా నష్టమే, ఉట్టి కూలెంట్ నీళ్లంత బాగా వేడిని మోయలేదు. సీసా మీద 1:2, 1:3 అని ప్రత్యేకంగా రాసి ఉంటే ఆ లెక్కే పాటించండి.

నింపాక లోపల గాలి మిగలకుండా చూడటం మరీ ముఖ్యం. కూలెంట్ మార్పించిన వారానికే గాస్కెట్ పోయిందంటే చాలాసార్లు కారణం ఇదే. గాలి బుడగ హెడ్లో పైన చిక్కుకుంటుంది, ఆ చోట లోహానికి నీళ్లు తగలవు. బండి ముందు భాగం కొంచెం ఎత్తులో ఉండేలా నిలిపి, హీటర్ ఫుల్ వేడికి పెట్టి, మూత తీసే ఉంచి, నెమ్మదిగా పోయండి. బ్లీడ్ స్క్రూ (గాలి వదిలే స్క్రూ) ఉన్న ఇంజన్లలో దాన్ని వదులు చేసి, బుడగలు ఆగి ధారగా వచ్చాక బిగించాలి. ఇంజన్ ఐడిల్లో నడుపుతూ ఉంటే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక రేడియేటర్ వైపు నీళ్ల దారి తెరిచే వాల్వు) తెరుచుకోగానే మట్టం ఒక్కసారిగా దిగుతుంది, అప్పుడు మళ్లీ పోసి మూత బిగించాలి. మరుసటి రోజు పొద్దున చల్లటి ఇంజన్ మీద కూలెంట్ డబ్బాలో మట్టం మళ్లీ చూడాలి, కొంత తగ్గి ఉంటుంది. హీటర్ గాలి వేడిగా రాకపోతే గాలి ఇంకా ఉన్నట్టే.

మల్టీమీటర్ ఉంటే ఇంకో చిన్న పరీక్ష. ఇంజన్ చల్లగా, ఆఫ్‌లో ఉండగా మీటరు వైరు చివర ఉండే ఒక పుల్లను కూలెంట్లో ముంచి (లోహానికి తగలకుండా), రెండోదాన్ని బ్యాటరీ మైనస్‌కు పెట్టండి. 0.1 వోల్టు లోపు వస్తే మంచిది. 0.3 దాటితే కూలెంట్ తన శక్తి పోగొట్టుకుంది, అల్యూమినియం లోపల్నుంచి తినేయబడుతోంది.

మూత

షెడ్డులో ఎవరూ పట్టించుకోనిది, అన్నిటికన్నా చవకైనది రేడియేటర్ మూత. కుక్కర్ విజిల్ లాగే ఇది లోపల ఒత్తిడిని పట్టి ఉంచుతుంది, ఒత్తిడి పెరిగితే మరిగే హద్దూ పెరుగుతుంది. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తు. అక్కడ ఉట్టి నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అదే సగం కూలెంట్ పోసి, 1.1 బార్ మూత సరిగా పట్టి ఉంటే 125 డిగ్రీలు దాటినా మరగదు. మూత స్ప్రింగు మెత్తబడితే ఈ భద్రత మొత్తం పోతుంది, డబ్బా మట్టం సరిగ్గానే కనిపిస్తుంది కాబట్టి అనుమానం కూడా రాదు.

మూత మీద 0.9 లేదా 1.1 అని అంకె ఉంటుంది. మార్చేటప్పుడు అదే అంకెది వేయాలి. ఎక్కువ అంకెది వేస్తే మంచిదని అనుకోవద్దు, పాత హోస్, రేడియేటర్ ప్లాస్టిక్ అంచు పగులుతాయి. రబ్బరు పగుళ్లు, అంచున తెల్లటి పొక్కులు, మధ్యలోని చిన్న వాల్వు ఇరుక్కోవడం చూడండి. బండి చల్లారాక పై హోస్ పైపు లోపలికి పీల్చుకుపోయి చప్పిడిగా కనిపిస్తే ఆ చిన్న వాల్వే పోయింది. కూలెంట్ మార్చిన రెండోసారికల్లా మూత కూడా కొత్తది వేసేస్తే సరి.

గాలి, ఫ్యాన్, థర్మోస్టాట్

శివరాత్రికి చలి వెళ్లిపోతుంది. శ్రీకాళహస్తి రద్దీ తగ్గే ఆ వారంలోనే బండికి వేసవి తనిఖీ చేయించడం మంచి అలవాటు. ముందు రేడియేటర్ రెక్కలు చూడండి. ముందున్న ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో ఎర్రదుమ్ము, పురుగులు, ఎండుటాకులు చేరి మెత్తటి గోడలా అవుతాయి, బయటి నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. చల్లటి ఇంజన్ మీద, ఇంజన్ వైపు నుంచి బయటికి, మామూలు పైపు ధారతో కడగాలి. వాటర్ సర్వీస్ షెడ్డులో ప్రెషర్ గన్ను దగ్గరగా పెడితే రెక్కలు వంగి మూసుకుపోతాయి. వాహన పూజ చేయించాక గ్రిల్‌కు అడ్డంగా ఉన్న దండను పక్కకు కట్టుకుని ఘాట్ ఎక్కండి, ఆ గాలి దారి బండికి అవసరం.

ఫ్యాన్ పరీక్ష తేలిక. ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి, చాలా బండ్లలో కొన్ని సెకన్లలోనే ఫ్యాన్ తిరగాలి. తర్వాత ఏసీ ఆపి ఐడిల్లో వదిలేస్తే, వేడి 95 నుంచి 100 డిగ్రీల మధ్య ఫ్యాన్ తనంతట తాను మొదలై, కాసేపటికి ఆగాలి. ఆగకుండా తిరుగుతూనే ఉన్నా, అసలు తిరగకపోయినా చూపించాలి. తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే. చాలా బండ్లలో హారన్ రిలే కూడా అదే నంబరుది ఉంటుంది, అటూ ఇటూ మార్చి చూస్తే తప్పు ఎక్కడుందో తేలిపోతుంది. బెల్టుతో తిరిగే ఫ్యాన్ ఉన్న పెద్ద బండ్లలో, ఇంజన్ ఆపి తాళం తీసేశాక, వేడిగా ఉండగానే ఫ్యాన్‌ను చేత్తో తిప్పండి. కొంచెం బిగువుగా ఉండాలి. ఒక్క తోపుకే గిరగిరా తిరిగితే ఫ్యాన్‌ను బెల్టు పుల్లీకి కలిపే విస్కస్ కప్లింగు పోయింది.

థర్మోస్టాట్ గురించి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. బండి వేడెక్కుతోందని వెళ్తే దాన్ని పీకి పక్కన పెట్టడం చాలా షెడ్డుల్లో అలవాటు. "మన ఎండలకు అక్కర్లేదు సార్" అంటారు. ఒప్పుకోవద్దు. అది లేకపోతే హైవే మీద ఇంజన్ సరైన వేడికి రాదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్లో మడ్డి చేరుతుంది. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు వెనక బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని పీకేస్తే సగం నీళ్లు రేడియేటర్ వైపు పోకుండానే తిరిగి ఇంజన్లోకి వస్తాయి, ఘాట్ మీద వేడి ఇంకా పెరుగుతుంది. అనుమానముంటే గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వేలాడదీసి వేడి చేయండి. దాని మీద రాసిన 82 లేదా 88 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. ఒకటి రెండు డిగ్రీల తేడా పరవాలేదు, తెరుచుకోకపోతే కొత్తది వేయాలి.

హోస్ పైపులను చల్లగా ఉన్నప్పుడు నొక్కి చూడండి. క్లిప్పు పక్కన ఉబ్బినా, మరీ మెత్తగా ఉన్నా, పగుళ్లున్నా మార్చండి. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం దగ్గర ఎండిన రంగు చార కనిపిస్తే సీలు పోతున్నట్టు. టైమింగ్ బెల్టుతో తిరిగే పంపయితే బెల్టు మార్చేటప్పుడే పంపూ మార్చేయడం తెలివైన పని, ఎలాగూ అక్కడిదాకా విప్పుతారు.

ఘాట్ ఎక్కేటప్పుడు

పెద్ద గేర్లో ఇంజన్‌ను నులిమి ఎక్కించొద్దు. రెండు లేదా మూడో గేర్లో 2,500 నుంచి 3,000 ఆర్‌పీఎం దగ్గర ఉంచితే పంపు వేగంగా తిరుగుతుంది, నీళ్లు బాగా ప్రవహిస్తాయి. పెట్రోలు బండి ఎత్తు ఎక్కేటప్పుడు కిటకిటమని సన్నగా లోహం కొట్టుకున్న శబ్దం వస్తే గేరు తగ్గించండి. అది మంట వేళ కాని వేళ అంటుకుంటున్న శబ్దం, గాస్కెట్లో సిలిండర్ చుట్టూ ఉండే రింగుకు నేరుగా దెబ్బ. రోజూ వస్తుంటే స్పార్క్ ప్లగ్గులు, కార్బన్, సెన్సార్లు చూపించాలి. డీజిల్ బండికి ఎక్కువ పవర్ కోసం చిప్ ట్యూనింగ్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించి, నిండా లోడుతో ఘాట్ ఎక్కిస్తే గాస్కెట్ మీద ఒత్తిడి తయారుచేసిన హద్దు దాటుతుంది. పైకి చేరాక ఒక నిమిషం ఐడిల్లో ఉంచి ఆపండి.

చాలా కొత్త బండ్లలో వేడి ముల్లు లేదు, నీలం, ఎరుపు లైట్లే. ఎర్రది వెలిగేసరికి ఆలస్యమే. ముల్లు ఉన్నవాటిలోనూ అది మామూలుగా మధ్యలోనే నిలబడేలా అమర్చి ఉంటుంది, చిన్న మార్పులు చూపదు. ఇంజన్ కంప్యూటర్ అంకెలు చదివే బ్లూటూత్ ఓబీడీ రీడర్ ఒకటి కొని ఫోన్లో అసలు డిగ్రీలు చూసుకోవడం ఘాట్ తిరిగే వాళ్లకు ఎంతో పనికొస్తుంది. 85 నుంచి 100 మామూలు. 105 అయితే ఏసీ ఆపండి. 110 దాటితే బండి ఆపాలి. నీళ్లు పూర్తిగా పోయినప్పుడు సెన్సార్ ఆవిరిలో ఉండి తక్కువ చూపించవచ్చు. వేడి పెరుగుతూ ఉండగా హీటర్ నుంచి చల్లగాలి వస్తే, అంకె ఏదైనా సరే, ఆపేయండి.

వేడెక్కిందనుకుందాం. ఏసీ ఆపి, హీటర్ ఫుల్ వేసి, దాని గాలి స్పీడు పెంచి, పక్కకు నిలపండి. ఎర్ర లైటు వెలిగినా, ఆవిరి వచ్చినా వెంటనే ఇంజన్ ఆఫ్ చేయాలి. "పైదాకా వెళ్లి చూద్దాం" అన్న ఆ రెండు మూడు కిలోమీటర్లే హెడ్‌ను వంచేవి. బానెట్ తెరవండి, మూత మాత్రం ముట్టుకోవద్దు. ఒత్తిడిలో ఉన్న నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. కనీసం 45 నిమిషాలు ఆగి, పై హోస్ పైపును నొక్కినప్పుడు మెత్తగా, చేయి పెట్టగలిగేంత చల్లగా ఉంటేనే మందపాటి గుడ్డతో మూతను కొంచెం కొంచెంగా తిప్పండి. వేడి ఇంజన్ మీద చల్లటి నీళ్లు గుమ్మరించొద్దు, హెడ్ పగులుతుంది. చల్లారాక కొద్దికొద్దిగా పోసి, ఎక్కడ కారుతోందో చూడండి. మళ్లీ వేడెక్కితే టోయింగ్ పిలిపించడమే చవక.

లీకు ఆపడానికి రేడియేటర్లో పసుపు వేయడం పాత చిట్కా. అది రంధ్రాన్ని ఎంత మూస్తుందో, సన్న గొట్టాలను, హీటర్ కోర్‌నూ అంతే మూస్తుంది. సీసాలో వచ్చే లీక్ స్టాప్ మందులదీ అదే తీరు.

ముందే పట్టుకునే పరీక్షలు

బయట ఎక్కడా కారకుండా డబ్బాలో మట్టం తగ్గుతూ ఉంటే మొదటి అనుమానం గాస్కెట్టే. పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే పై హోస్ పైపు రాయిలా గట్టిపడితే, అది వేడి వల్ల వచ్చిన ఒత్తిడి కాదు, సిలిండర్ గ్యాసు నీళ్లలోకి వస్తోంది. స్టార్ట్ చేయగానే కొన్ని సెకన్లు ఒక సిలిండర్ తడబడి, సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో తెల్లపొగ రావడం ఇంకో గుర్తు. ఆయిల్ మూత కింద కొంచెం మీగడలాంటి నురగ దగ్గర దగ్గర తిరిగే బండ్లలో తేమ వల్ల కూడా వస్తుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద కూడా ఉంటేనే భయపడాలి, అప్పుడు ఇంజన్ స్టార్ట్ చేయకూడదు.

షెడ్డులో హెడ్ దించుదాం అనేముందు మూడు పరీక్షలు అడగండి. మూత స్థానంలో చేతిపంపు బిగించి, మూత మీదున్న అంకె మేరకు ఒత్తిడి ఎక్కించి 15 నిమిషాలు ఉంచడం, దిగకూడదు. నీలం ద్రవంతో చేసే బ్లాక్ టెస్ట్, గ్యాసు ఉంటే అది పసుపుకు తిరుగుతుంది. సిలిండర్ కంప్రెషన్ (ఒక్కో సిలిండర్లో ఒత్తిడి) కొలవడం, పక్కపక్కనున్న రెండూ తక్కువగా ఉంటే ఆ రెంటి మధ్య గాస్కెట్ పోయినట్టు.

హెడ్ దించక తప్పకపోతే

గాస్కెట్ ఒక్కటే మార్చి మూసేస్తే కొన్ని నెలల్లో మళ్లీ అదే పని. హెడ్ చదునును స్ట్రెయిట్ ఎడ్జ్ (నిటారు బద్ద), ఫీలర్ గేజ్ (సన్న సందులు కొలిచే రేకులు)తో నిలువుగా, అడ్డంగా, మూలమూలకూ కొలవాలి. చాలా ఇంజన్లకు 0.05 మిల్లీమీటర్ల వరకే అనుమతి, అసలు అంకె మాన్యువల్ చెబుతుంది. దాటితే లేత్ షాపులో ఫేసింగ్ (తలాన్ని చదును చేయడం) చేయించాలి. దానికి ముందే నీళ్లలో ముంచి గాలి ఒత్తిడితో పగుళ్లు చూడాలి, పగిలిన హెడ్‌కు ఫేసింగ్ డబ్బులు దండగ. గ్రైండర్ డిస్కుతో పాత గాస్కెట్ గీకనివ్వొద్దు, స్టీలు గాస్కెట్‌కు నున్నటి తలం కావాలి, డిస్కు చేసే చిన్న గుంట చాలు మళ్లీ లీకు కావడానికి.

సాగేలా తయారైన హెడ్ బోల్టులు ఒక్కసారికే, కొత్తవి వేయాలి. బోల్టు రంధ్రాల్లో ఆయిల్, నీళ్లు లేకుండా గాలితో ఊదాలి, ఉంటే బిగించేటప్పుడు బ్లాకు పగలొచ్చు. మధ్య బోల్టుల నుంచి బయటికి, టార్క్ రెంచితో దశలవారీగా, చివర్లో చెప్పిన డిగ్రీల కోణం తిప్పాలి. చేతి అంచనాతో బిగించే మెకానిక్ ఎంత అనుభవమున్నవాడైనా ఈ ఒక్క చోట ఒప్పుకోవద్దు. ఏ భాగం వల్ల బండి వేడెక్కిందో అది కూడా అదే రోజు మారాలి. నీళ్లు ఆయిల్లో కలిసి ఉంటే ఆయిల్, ఫిల్టర్ కొత్తవి వేసి, 500 కిలోమీటర్లకు మళ్లీ రెండూ మార్చండి, మొదటి వారం రోజూ పొద్దున స్టార్ట్ చేయకముందే డబ్బా మట్టం చూడండి.